దురద పోయినా రాని నిద్ర

మా వంశంలో సోరియాసిస్ తాతల నాటి నుంచీ ఉంది. మా దీవిలో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. "పొట్టు" అంటారు. మా నాన్న ఎల్డ్రెడ్‌కి ఉండేది. ఆయన అక్క ట్రిఫీనా అత్తకి ఇప్పటికీ ఉంది. మా అన్నయ్య సెల్బీకి మీసాలు మొలిచే వయసులో మోచేతుల మీద మొదలై, ఏడాది తిరక్కుండా వీపు, పిక్కలు, తల అన్నీ ఆక్రమించేసింది. నాకు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేరు. నాన్నా, అన్నయ్యా పక్కపక్కన కూర్చుని వీపులకి తారు మందు పూయించుకుంటుంటే, ఇంట్లో అందరికీ ఏదో పంచిపెట్టి నన్ను మరిచిపోయినట్టు నాకు ఉక్రోషంగా ఉండేది.

సెల్బీ మా దీవి నుంచి న్యూఫౌండ్లాండ్ అనే పెద్ద దీవి ఒడ్డుకి తిరిగే ఫెర్రీలో పనిచేస్తాడు. కార్లని ఎక్కించడం, దించడం, ఒడ్డుకి తాళ్ళు కట్టడం. వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకునేవాడు. అదీ తెలుపో, బూడిద రంగో. ముదురు రంగు వేసుకుంటే భుజాల మీద రాలిన పొట్టు అందరికీ కనిపిస్తుందని భయం.

పగలు ఎలాగో గడిచేది. కష్టమంతా పడుకున్నాకే. పక్క వెచ్చబడేసరికి దురద లేచేది. నిద్రలోనే రక్తం వచ్చేదాకా గోక్కునేవాడు. మంచం ఊగిపోయేదట. మా వదిన మాక్సీన్ స్కూలు క్యాంటీన్లో వంట చేస్తుంది, పొద్దున్నే లేవాలి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడే సెల్బీ మేడ మీది మంచం వదిలేసి, కింద వంటింట్లో పొయ్యి పక్కనుండే దివాన్ మీదికి మారాడు. మా దీవిలో ప్రతి వంటింట్లోనూ అలాంటి పడక ఒకటి ఉంటుంది, మధ్యాహ్నం నడుం వాల్చడానికి. దాని మీద ఒక మనిషి ఇన్నేళ్ళు కాపురం చేయడం మాత్రం మా అన్నయ్య ఇంట్లోనే చూశాను.

కిందటేడు మా పట్నం సెయింట్ జాన్స్‌లో చర్మం డాక్టరు కొత్త ఇంజెక్షన్ రాశాడు. పెన్నులాగా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టుకుని తొడకి ఎవరికి వాళ్ళే పొడుచుకోవచ్చు. ఏ మందు మీదా నమ్మకం లేని సెల్బీ, మాక్సీన్ పోరు పడలేక మొదలుపెట్టాడు. వేసవి మొదట్లో, కేప్లిన్ చేపలు గుంపులుగా ఒడ్డుకి కొట్టుకొచ్చే వేళకి, అతని వీపు పసిపిల్లాడి వీపులా అయిపోయింది. నేను చేత్తో తడిమి చూశాను. నమ్మలేకపోయాను.

దీవంతా సంబరపడింది. కొట్లో, చర్చిలో, రేవులో, ఎక్కడ కనిపించినా అదే మాట.

"ఏమోయ్ సెల్బీ, కొత్త తోలు ఏ కొట్లో కొన్నావు? మా ఆవిడకి కూడా ఒకటి పట్రా!"

మాక్సీన్ పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి ముదురు నీలం దుప్పట్లు కొనుక్కొచ్చింది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ముదురు రంగు దుప్పటి పరవడం అదే మొదలు. దివాన్ మీది పక్క తీసేసి, ఉతికి, దాని మీద కుట్టుపని దిళ్ళు పేర్చింది. సెల్బీ తన దిండు పట్టుకుని మేడ మీదికి ఎక్కాడు.

అప్పటి నుంచి మా అన్నయ్యకి నిద్ర లేదు.

మా రెండిళ్ళకీ ఒకటే పెరడు. ఒకరోజు పొద్దున్నే బట్టలు ఆరేయడానికి వెళ్తే, సెల్బీ బనీనుతో తడిగడ్డిలో నిలబడి రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంటున్నాడు.

"ఇంత పొద్దున్నే ఏంటి సెల్బీ? దురదగా ఉందా?"

"అదే లేదు రోండా," అన్నాడు, ఎవరో దొంగిలించినట్టు. "దురద లేదు. మంట లేదు. ఒళ్ళు ఎక్కడుందో కూడా తెలీడం లేదు. నిద్ర మాత్రం రాదు."

"టీ తగ్గించు."

"మానేసి చాలా రోజులైంది."

"మరి పడుకుని ఏం చేస్తావు?"

"కాచుకుని ఉంటాను. దురద ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. రాదు. రానందుకు సంతోషించాలా? సంతోషం రాదు. వెలుతురు రాగానే దుప్పటి దులిపి చూస్తాను. ఏమీ ఉండదు. అప్పుడింకా గాభరాగా ఉంటుంది. నాకేమైందో నీకేమన్నా తెలుస్తోందా?"

నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ అలవాటు కదా, మెల్లిగా సర్దుకుంటుందిలే అన్నాను. అందరూ అదే అన్నారు. చర్మం డాక్టరు ఫోన్లో మాట్లాడి, చర్మం ఎలా ఉందని అడిగి, అద్భుతం అని పెట్టేశాడట. నిద్ర సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

వేసవి ముదిరేకొద్దీ సెల్బీ మనిషి మారిపోయాడు. ఊరి హాల్లో పేకాటకి రావడం మానేశాడు. చేపల వేటకి పిలిస్తే నడుం నొప్పి అన్నాడు. ఒళ్ళంతా పుండ్లుగా ఉన్న రోజుల్లో కూడా నవ్వించే మనిషి, నున్నటి చేతులేసుకుని కిటికీ దగ్గర మాట్లాడకుండా కూర్చునేవాడు. "ఇప్పుడు బాగానే ఉంది కదా, ఇంకేంటి?" అని ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోయేవాడు.

మాక్సీన్ నా దగ్గరికొచ్చి వేరే కథ చెప్పేది.

"కొయ్యలా పడుకుంటాడు రోండా. నేను చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాడు. ఏమైంది అంటే ఏం లేదు అంటాడు. ఇదివరకు దురద అడ్డు అనుకున్నాను. ఇప్పుడు ఏం అడ్డు? నేను ముసలిదాన్నయిపోయానా?"

"అలా ఏం కాదు."

"మరి ఏంటి?"

అదీ నాకు తెలియలేదు. ఇద్దరి మాటలూ విని, రెండూ నిజమే అనిపించి, ఇంటికొచ్చి బంగాళాదుంపల తోలు తీస్తూ కూర్చునేదాన్ని.

ఆగస్టులో ఫెర్రీ దగ్గర ఆ ప్రమాదం జరిగింది. బ్రెడ్డు తెచ్చే వ్యాను దిగడానికి సిద్ధంగా ఉంది. సెల్బీ ముందు నిలబడి రమ్మని చెయ్యి ఊపాడు. కార్లు ఒడ్డుకి దిగే వంతెన పలక ఇంకా పూర్తిగా కిందికి దిగనే లేదు. వ్యాను ముందు చక్రాలు గాల్లోకి పోయాయి. డ్రైవరు బ్రేకు తొక్కాడు గనక సరిపోయింది. లోపలున్న బ్రెడ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి చపాతీలయ్యాయి. దీవంతా వారం రోజులు అణిగిపోయిన బ్రెడ్డే తిన్నాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కెప్టెన్ హేవార్డ్ మాత్రం పైనుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏరా సెల్బీ, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?"

"పలక దిగింది హేవార్డ్. నేను చూశాను."

"ఎక్కడ దిగింది? చూడు! ఇప్పుడు చూడు!"

సెల్బీ చూశాడు. పలక పైనే ఉంది. అతను దాన్ని అలా చూస్తూ నిలబడిపోయాడట. తిట్టడానికొచ్చిన హేవార్డే భయపడి, భుజం పట్టుకుని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఒంట్లో కుదుటపడేదాకా పనిలోకి రావద్దని ఇంటికి పంపాడు.

ఇంట్లో కూర్చున్నాక మరీ పాడయ్యాడు. పగలు కిటికీ దగ్గర, మాపు మంచం మీద, రెండు చోట్లా కళ్ళు తెరుచుకునే ఉండేవాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం మాక్సీన్ చెప్పులు కూడా లేకుండా, మేజోళ్ళతోనే తడిగడ్డిలో పెరడు దాటి మా వంటింట్లోకి వచ్చింది. చేతిలో రెండు తెల్లటి అట్టపెట్టెలు.

"ఇదేంటి రోండా? ఇదేంటో నువ్వు చెప్పు."

ఇంజెక్షన్లు. రెంటికీ సీలు విప్పలేదు. ఫ్రిజ్ తుడుస్తుంటే ఊరబెట్టిన బీట్‌రూట్ సీసాల వెనక కనిపించాయట.

"వేసుకున్నానన్నాడు. నా మొహం చూసి చెప్పాడు, వేసుకున్నానని!"

సెల్బీ మా ఇంటి వెనకే తన పడవకి పాత రంగు గీకుతున్నాడు. కిటికీ తీసి పిలిచాను. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. టేబుల్ మీద పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. కుడి మోచేతి మీద, తెల్లటి పొలుసుతో ఎర్రటి మచ్చ ఒకటి నాకు అప్పుడే కనిపించింది.

"మరిచిపోయావా?" అని అడిగాను, తప్పించుకోవడానికి దారి చూపిద్దామని.

"లేదు."

"భయమేసిందా? పడలేదా?"

"లేదు."

"మరి?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్తే పిచ్చి అనుకుంటారు."

"ఇప్పటికే అనుకుంటున్నాం, చెప్పు," అంది మాక్సీన్.

అతను టేబుల్‌క్లాత్ అంచు వేళ్ళతో నలుపుతూ మాట్లాడాడు. "దురద ఉన్న రోజుల్లో నిద్ర పట్టకపోతే దురద వల్ల అనుకునేవాణ్ణి. పిల్లల మీద కసురుకుంటే, నిద్ర లేదు కదా అనుకునేవాణ్ణి. ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాకపోతే, ఈ ఒళ్ళేసుకుని ఎక్కడికి పోతాంలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఒళ్ళు బాగుంది. నిద్ర లేదు. ఎవరన్నా పలకరిస్తే కొట్టాలనిపిస్తుంది. ఏ పనీ చేయబుద్ధి కాదు. మరి ఇదంతా దేని వల్ల? నేనే ఇంతా? మొదట్నుంచీ నేను ఇంతేనా?"

మాక్సీన్ టేబుల్ మీది పెట్టెలు తన దగ్గరికి లాక్కుంది.

"మందు ఆపేస్తే మళ్ళీ వస్తుంది కదా. వస్తే, ఎందుకు నిద్ర పట్టట్లేదో కనీసం అదన్నా తెలుస్తుంది కదా అనిపించింది."

"అంటే మళ్ళీ ఆ దివాన్ మీదికి పోవాలని. నా పక్కన పడుకోలేక."

"నీ గురించి కాదు మాక్సీన్."

"ఆ మంచం మీద ఇంకెవరున్నారు మరి?"

"అసలు నన్ను కిందికి పొమ్మన్నది నువ్వే కదా!"

మాక్సీన్ నోరు తెరిచేసింది. "నేనా? ఎప్పుడు?"

"పాపకి పళ్ళొస్తున్నప్పుడు. నువ్వు కింద పడుకుంటే ఇంట్లో ఒక్కరమైనా నిద్రపోతాం అన్నావు."

"ఆ మాట నేనన్లేదు. నువ్వే దిండు చంకలో పెట్టుకుని దిగిపోయావు. మెట్ల మీద నిలబడి రమ్మని పిలిచాను కూడా."

"పిలవలేదు."

"పిలిచాను!"

ఇద్దరూ నా వైపు తిరిగారు, అక్కడ నేనేదో సాక్షినైనట్టు. నేను పక్కింట్లో ఉన్నాను, నాకేం తెలుసు? ఇద్దరి మొహాలూ చూశాను. ఇద్దరూ ఒట్టు వేసి చెప్పేలాగే ఉన్నారు. ఎవరిది నిజమో ఇప్పటికీ నాకు తెలీదు. ఇన్నేళ్ళూ అతను తనని వెళ్ళగొట్టారనుకున్నాడు, ఆమె తనని వదిలేసి పోయాడనుకుంది, మధ్యలో మెట్లు.

ఇద్దరికీ టీ పోశాను. సెల్బీ మానేశానన్న టీ తాగేశాడు. ఎవరూ ఏమీ తేల్చలేదు.

ఆ మధ్యాహ్నం ట్రిఫీనా అత్తకి సూపు తీసుకెళ్తూ, ఇంట్లో ఒక్కణ్ణే ఉంచడం ఇష్టం లేక సెల్బీని కూడా తీసుకెళ్ళాను. అత్తకి ఎనభై దాటాయి. రేవు చివర ఇంట్లో కిటికీ పక్క ఊగే కుర్చీలోనే కూర్చుంటుంది, అందులోనే పడుకుంటుంది. చేతుల మీద పొట్టు తెల్లగా మెరుస్తుంటుంది. దాన్ని దాచడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

"ఏరా, వ్యానుని సముద్రంలోకి తోయబోయావట?"

"తోయలేదత్తా. పలక దిగిందనుకున్నాను."

"నిద్ర లేకపోతే అంతే. మీ నాన్నా అంతే."

సెల్బీ తలెత్తాడు. "నాన్నకి దురద కదా."

"వేసవిలో దురదెక్కడిదిరా వాడికి? చొక్కా లేకుండా ఎండలో చేపలు ఎండేసేవాడు, ఆ ఎండకి వీపు అద్దంలా అయ్యేది. అయినా తెల్లారేసరికి కొండెక్కి కూర్చునేవాడు. మేకల కోసం వెళ్ళినప్పుడల్లా నేను చూసేదాన్ని."

"ఎందుకట?"

"ఎవరడిగారు? మగవాణ్ణి అలాంటివి అడిగేవాళ్ళమా ఏంటి? ముక్కోపి అనుకున్నాం." అత్త చెంచా ఆపింది. "ఉండు, అది మీ అమ్మ పోయిన ఏడా? కాదు, మీ అమ్మే నాతో చెప్పింది, పక్కలో లేడని. కాదేమో. రెండూ కలిసిపోతున్నాయిరా నాకు."

"నీకు నిద్ర పడుతుందా అత్తా?" అడిగాను.

"నేను పడుకోను కదా! కూర్చుంటాను. కూర్చున్నాను అనుకుంటూ ఉంటాను, అదే పట్టేస్తుంది."

"మరి దురద?"

"అది నా మొగుడికంటే ముందొచ్చింది పిల్లా, వాడు పోయాకా ఉంది. దాంతో పోట్లాట ఎప్పుడో అయిపోయింది."

తిరిగి వస్తుంటే సెల్బీ రేవు మలుపులో ఆగాడు.

"నాన్న చెడ్డవాడనుకున్నాను రోండా. కొట్టేవాడు కదా. ఆయనకి కూడా ఇదేనా? లేక నేను ఆయనలాగా అవుతున్నానా? నాకేం అర్థం కావట్లేదు. క్లినిక్‌కి నువ్వు ఫోన్ చెయ్యి. నేను మాట్లాడలేను."

క్లినిక్‌లో నర్సు కొలీన్ ఉంటుంది. మందులు కూడా తనే రాస్తుంది. సెల్బీతో పాటు మాక్సీన్ లోపలికి వెళ్ళింది, నేను బయట కూర్చున్నాను. లోపల జరిగింది తర్వాత మాక్సీనే చెప్పింది.

కొలీన్ మోచేయి చూసింది, బరువు చూసింది, నిద్ర గురించి అడిగింది. తర్వాత, "ఈ మధ్య మీకు సంతోషంగా అనిపించిందేమిటి?" అని అడిగిందట. సెల్బీ ఆలోచించాడు. ఏమీ దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాడట, జేబులో తాళంచెవి వెతుకుతున్నట్టు.

"బతుకు మీద విసుగొచ్చిందా సెల్బీ? చనిపోవాలని అనిపిస్తోందా?"

"చావాలని లేదు," అన్నాడు చివరికి. "పొద్దున్న లేవకపోతే బాగుండునని మాత్రం ఉంటుంది."

"ఆ మాట విన్నాక నా కోపం ఎటుపోయిందో తెలీలేదు," అంది మాక్సీన్ నాతో. "పక్కనే పడుకున్నాను రోండా. రోజూ. నాకు ఏమీ తెలీలేదు."

అతను పిచ్చివాడు కాదనీ, కల్పించుకుంటున్నదీ కాదనీ కొలీన్ చెప్పింది. ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి నిద్రా, మనసూ కూడా దెబ్బతింటాయట. చర్మం మానినంత మాత్రాన అవీ మానాలని లేదట.

"అయితే నిద్ర లేక దిగులా, దిగులు వల్ల నిద్ర పోయిందా?" అని సెల్బీ అడిగాడు.

"గీత గీసి చెప్పలేను. ఇన్నేళ్ళూ పక్క మీద మీకు జరిగింది హింసే కదా. ఒళ్ళు ఇంకా పక్కంటే భయపడుతోందేమో. మూడూ కలిసిపోయి ఉండొచ్చు."

"మరి దేనికి మందిస్తారు?"

"అన్నిటికీ కొంచెం కొంచెం."

చర్మం డాక్టరుతో మాట్లాడి ఇంజెక్షన్ మళ్ళీ మొదలుపెట్టించింది. దిగులుకి మాత్రలు రాసింది. వారానికోసారి ఫోన్లో మాట్లాడడానికి ఒక మానసిక నిపుణురాలిని కుదిర్చింది. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి, పట్టకపోతే లేచి కిందికి పోవాలి, మళ్ళీ వస్తేనే ఎక్కాలి, ఎలా గడిచినా పొద్దున్న ఒకే వేళకి లేవాలి, పగలు దివాన్ మీద వాలకూడదు అని చెప్పింది. దుప్పివేటకి వాడే తుపాకీని కొన్నాళ్ళు మా ఇంట్లో తాళం వేసి ఉంచమంది. దాన్ని సెల్బీయే తెచ్చి నా చేతికిచ్చాడు. నేను బీరువాలో పెట్టి తాళం వేశాను.

అంతటితో సర్దుకుందని చెప్పాలని ఉంది, కానీ అలా జరగలేదు. మందు మానేసిన పాపానికి పొట్టు మోచేతుల నుంచి నడుం దాకా వచ్చేసింది. దురద కూడా తిరిగొచ్చింది. వచ్చిన మొదటి రెండు రోజులూ సెల్బీ మొద్దులా నిద్రపోయాడు! పొద్దున్నే మా ఇంటికొచ్చి చొక్కా ఎత్తి చూపించాడు.

"చూశావా? గోక్కున్నాను, నిద్రపోయాను! ఇప్పుడేమంటావు?"

మూడో రోజు దురదా ఉంది, నిద్రా లేదు. కొలీన్‌ని అడిగితే, "నాకూ తెలీదు సెల్బీ," అందట. ఆ జవాబు అతనికి ఎందుకో బాగా నచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ చెప్పిందల్లా చేశాడు.

ఆ నిపుణురాలితో ఫోన్ మాటల కోసం ట్రక్కులో కూర్చుని కొండ మీదికి పోయేవాడు, అక్కడే సిగ్నల్ బాగుంటుంది. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలీదు. ఒకసారి మాత్రం విసుక్కున్నాడు. "నిద్ర గురించి అడగమ్మా అంటే నాన్న గురించి అడుగుతుంది. నాన్న గురించి చెప్తుంటే టైమైపోయింది అంటుంది."

చలికాలానికి ఇంజెక్షన్ మళ్ళీ పనిచేసింది. నడుం మీది మచ్చలు పోయాయి, మోచేతి మీద నాణెమంత మిగిలింది. క్రిస్మస్ దాటాక హేవార్డ్ పనిలోకి పిలిచాడు. కొన్నాళ్ళు బాగా నిద్రపోయేవాడు, కొన్నాళ్ళు పోయేవాడు కాదు. ఏ రోజు ఎందుకు పట్టిందో, ఏ రోజు ఎందుకు పట్టలేదో అతనికి అంతుపట్టేది కాదు. కానీ అడిగితే లేచి వెళ్ళిపోవడం మానేశాడు. "నిన్న పట్టలేదు. జిగ్సా పజిల్ బొమ్మ ముక్కలు అమర్చాను. పడవ బొమ్మ. ఆకాశమంతా ఒకటే నీలం, దుంపతెగ," అని చెప్పేవాడు. హాల్లో పేకాటకి కూడా వచ్చాడు. మోసం చేసి గెలిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మార్చిలో, ఇంకా మంచు కరగని ఒక ఆదివారం ఉదయం, మాక్సీన్ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"సెల్బీకి ఏమన్నా అయిందా?" అడిగాను.

"సెల్బీకి ఏం? గురకపెడుతున్నాడు. నాకే నిద్ర పట్టట్లేదు."

"ఎప్పటి నుంచి?"

"తెలీదు. క్రిస్మస్ నుంచా? అతను మెట్లు దిగితే వింటాను, ఎక్కితే వింటాను. గురక మొదలైతే, హమ్మయ్య నిద్రపోయాడు అనుకుని, ఆ గురకకి మేలుకుని ఉంటాను. గురక ఆగితే ఊపిరుందా లేదా అని లేచి చూస్తాను." నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "అతను కింద గోక్కుంటూ ఉన్నన్నాళ్ళూ మంచమంతా నాదే. పడుకుంటే తెల్లారేది. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది రోండా. ఇప్పుడు నాకేం జబ్బు? నా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు."

"సెల్బీకి చెప్పావా?"

"చెప్తే కిందికి పోతాడు. పోతే మళ్ళీ..." అని ఆగిపోయింది.

తలుపు తీసుకుని సెల్బీ వచ్చాడు, జుట్టు రేగిపోయి, నిద్ర మొహంతో. "ఇంట్లో లేవేంటని చూస్తున్నాను. ఏంటి, ఇద్దరూ అలా ఉన్నారు?"

మాక్సీన్ నా వైపు చూసింది. నేను కేటిల్ వైపు చూశాను. చివరికి తనే చెప్పేసింది, అంతా, ఊపిరి ఆపకుండా. సెల్బీ గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఇంజెక్షన్ సంగతి నువ్వు చెప్పావా?"

సెల్బీ లోపలికొచ్చి తలుపు మూసి, "అయితే ఇప్పుడు కింద ఎవరు పడుకోవాలి?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. మాక్సీన్‌కి ఏడుపు ఆగిపోయింది.

"నాకేం తెలుసు?"

"నాకూ తెలీదు."

గోడకున్న ఫోన్ తీసి కొలీన్ ఇంటికి చేశాడు. ఆదివారం అని కూడా చూడలేదు. "కొలీన్, నేను సెల్బీ. లేదు, బాగానే ఉన్నాను. లేదు, అలాంటిదేం లేదు. నిద్రపోయాను కూడా. అదే ఇప్పుడు గొడవ." అవతల ఆవిడ ఏదో అడిగింది. సెల్బీ రిసీవరు ఛాతీకి ఆనించి మాక్సీన్ వైపు తిరిగాడు.

"ఎవరి పేరు రాయమంటారు అంటోంది. నీదా, నాదా?"

"నాది," అంది మాక్సీన్. వెంటనే, "ఇద్దరిదీ రాయమను," అంది.

"ఇద్దరం వస్తాం," అన్నాడు సెల్బీ ఫోన్లో. "ఏం చెప్పాలో మాత్రం మాకే సరిగ్గా తెలీదు. వచ్చాక మీరే అడుగుదురుగాని."

గురువారం రమ్మంది. ఇద్దరూ మంచులో పెరడు దాటి ఇంటికి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఆ రోజుకి ఎవరు పైన, ఎవరు కింద అని వాదించుకుంటున్నారు. నువ్వు పైన పడుకో అంటే నువ్వే పడుకో అని ఇద్దరూ అంటున్నారు. తలుపు మూసుకున్నాక కూడా కాసేపు వినిపించింది.